గుండీలావిడ రాని రోజు

గొడుగు కాస్తా ‘గోడుగు’ అయి కూర్చుంది, రెండు వందల పద్నాలుగో పేజీలో, పైనుంచి తొమ్మిదో వరుసలో. ఆమె ఎర్రపెన్నుతో ఓత్వాన్ని కొట్టేసి మార్జిన్‌లో ఒత్వం రాసింది, రాసి తరవాతి వరుసకు దిగబోయింది, దిగలేకపోయింది. పద్దెనిమిదేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న కన్ను అది. అక్షరాలను చూస్తుందే గానీ కథను చూడదు, కథలో పడితే తప్పులు ముక్కు కిందనుంచే తప్పించుకుపోతాయని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్చుకుంది. కానీ ఇప్పుడు కన్ను ఆ వరుసను వదలనంటోంది. ‘ముదురు గోధుమరంగు గొడుగు, ఒక ఊచ విరిగితే పచ్చదారంతో చుట్టి కట్టారు.’ పచ్చదారం ఎవరైనా కట్టుకోవచ్చు, లోకంలో గొడుగులకు కొదవా, విరిగే ఊచలకు కొదవా అని తనకు తానే సర్దిచెప్పుకుని ముందుకు వెళితే, అక్కడ ఇంకో వాక్యం కాచుకుని ఉంది. ‘ఎడమ బొటనవేలి గోరు నిలువునా రెండుగా చీలి ఉండేది, ఎప్పుడో మిషను సూది దిగినట్టుంది.’ ఆమె పెన్నుకు మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. గోడ గడియారం పదకొండూ అయిదు చూపిస్తోంది. పన్నెండుకల్లా ఈ పదహారు పేజీలూ కిందికి, అచ్చుగదికి దిగిపోవాలి. కింద యంత్రం అప్పుడే ఇంకేదో పుస్తకాన్ని దడదడలాడిస్తోంది, ఆ దడ నేలలోంచి కుర్చీ కాళ్లలోకి, అక్కడినుంచి ఆమె మోకాళ్లలోకి ఎక్కుతోందో, లేక ఆమె దడే కిందికి దిగుతోందో చెప్పడం కష్టం.

పుస్తకం ఒక విశ్రాంత గూఢచారి అధికారి జ్ఞాపకాలు. ఈ ప్రచురణ సంస్థను నిలబెట్టేవే గూఢచారుల పుస్తకాలు. నవలలూ, నిజం కథలూ, నిజమని ఒట్టేసి చెప్పే కథలూ కలిపి ఇరవై ఏడు ఆమె చేతిమీదుగా పోయాయి. వాటిల్లో ఆడగూఢచారులు సన్నటి పిస్తోళ్లు పట్టుకుంటారు, మేడమీంచి మేడమీదికి దూకుతారు, పరాయి దేశపు సేనాపతుల్ని కంటిచూపుతో కుదేలు చేస్తారు. మెడలో టేపు వేలాడేసుకుని, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, నోరు తెరిస్తే ఎక్కడ మింగేస్తానోనని ‘ఊఁ’, ‘ఊఁహూఁ’లతో సంసారం నడిపే ఆడమనిషి వాటిల్లో ఒక్కతీ లేదు. ఈ అధికారి పుస్తకం అయితే మరీ చప్పగా నడిచింది, ఫైళ్లూ బదిలీలూ, పై అధికారి మతిమరుపూ, కార్యాలయంలో విరిగిన కుర్చీ గురించి ఒకటిన్నర పేజీ. ఆమె హాయిగా కామాలు సర్దుకుంటూ వచ్చింది. పదిహేడో ప్రకరణానికి ‘గుండీలావిడ ఎవరి మనిషి?’ అని పేరు పెట్టి ఉంటే, ‘గుండీ’లో దీర్ఘం సరిగ్గానే ఉందని చూసుకుంది, అంతకుమించి పట్టించుకోలేదు. ఇప్పుడు మొదటికి వెళ్లి, జీవితంలో మొదటిసారిగా, ప్రూఫును ప్రూఫులా కాకుండా చదవడం మొదలుపెట్టింది.

‘మా శాఖలో ఆమె పేరు ఎవరికీ తెలియదు. గుండీలావిడ అనేవాళ్లం. గురువారం గురువారం బస్సులో నది ఒడ్డునున్న ఊరికి వచ్చి, రేవు దగ్గర టికెట్లిచ్చే గుమాస్తాకు కుట్టిన కోటు ఒకటి అప్పగించి, సంచీ నిండా గుండీలు కొనుక్కుని వెళ్లిపోయేది. ఆ కోటు గుండీల్లో ఒకటి బోలుగా ఉండేది. దానిలో ఉల్లిపొరంత పలచటి చీటీ.’ గురువారం. బడినుంచి రాగానే తను పక్కింటి టైపిస్టు ఇంట్లో కూర్చోవలసిన రోజు గురువారం. తల్లి పోయాక మూడేళ్ల పిల్లను చంకనేసుకుని తెచ్చుకున్న పిన్ని, ఎక్కడికి వెళ్లినా ఆ పిల్లను తోకలా వెంటేసుకుని తిరిగే పిన్ని, గురువారం మాత్రం ఒక్కతే వెళ్లేది. ముందుగదిలో మిషను, వెనకగదిలో మంచం, మధ్యలో పరదా, పరదా మీద గీసిన సుద్దగీతలు. మన ఊళ్లో గుండీలు దొరకవా అని టైపిస్టు అడిగితే పిన్ని గుండుసూదులు తీసి మరీ జవాబు చెప్పేది, అక్కడివి ఎన్నిసార్లు ఉతికినా మెరుపు పోదని. అబద్ధం చెప్పడానికి పిన్నికి నోరు ఖాళీ కావాలన్నమాట. ఇన్నేళ్లకు ఇప్పుడు తట్టింది. ఆమెకు గట్టిగా నవ్వు వచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా పిన్ని. ఇరవై ఏడు పుస్తకాల్లో ఎక్కడా కనిపించని మనిషి, నిన్న ఫోన్‌లో మోకాలినొప్పికి ఏ నూనె మంచిదో అరగంట చెప్పిన మా పిన్ని.

లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది, వెళ్లి ఏం చూడాలో తెలియక తిరిగి వచ్చింది. కాగితాలు చేతిలోకి తీసుకుని నిలబడే చదివింది. ఆ గురువారం ఒక కోటు కాదు, మూడు కోట్లు రావాలట. పడవ కంపెనీ ఉద్యోగులు వేసుకునే నల్లకోట్లు, ఇత్తడి గుండీలవి. శాఖ మనుషులు ముగ్గురు, అందులో ఈ రచయిత ఒకడు, ఆ కోట్లు తొడుక్కుని సాయంత్రం పడవలో ఉద్యోగుల్లా అవతలి దేశపు ఒడ్డుకు దాటాలి. అవతల ఏ గేటులో మనవాడు నిలబడి ఉంటాడో గుండీలో చీటీ చెబుతుంది. ‘నాలుగు గంటలకు కోట్లు రావాలి. అయిదింటికి పడవ. ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యని మనిషి ఆ రోజు రాలేదు. కోట్లు లేనిదే పడవ ఎక్కలేం, ముగ్గురం మూడు దారుల్లో ఇళ్లకు పోయాం. మర్నాడు తెలిసింది. అవతలి రేవులో పోలీసులు బారులు తీరి, పడవ దిగిన ప్రతి నల్లకోటునూ ఆపి సోదా చేశారట. ఎక్కి ఉంటే మా పని ఖాళీ. ఆమె రాకపోవడం వల్ల బతికాం. కానీ ఎందుకు రాలేదు? ఆ రోజే ఎందుకు? ఆమెకు ముందే తెలుసు. తెలిసిందంటే అటువాళ్లే చెప్పి ఉండాలి. మర్నాడే ఆమెతో శాఖ సంబంధం తెంచేసింది. ముప్పై నాలుగేళ్లు ఆలోచించి నేను వచ్చిన నిర్ధారణ ఒక్కటే, గుండీలావిడ అటువాళ్ల మనిషి.’ కింద తారీఖు వేశాడు, మనిషి అంత నిక్కచ్చి.

ఆ తారీఖు ఆమె ఆరో పుట్టినరోజుకు మర్నాడు. అదే తారీఖున ఆమె ముక్కులో గుండీ దూర్చుకుంది.

ఎందుకు దూర్చుకుందో ఇప్పటికీ చెప్పగలదు. ఇత్తడికి వాసన ఉంటుందని టైపిస్టు చెబితే, ఎంత దగ్గరగా పెట్టినా తెలియకపోయేసరికి ఇంకాస్త దగ్గరగా పెట్టింది. మూడు నల్లకోట్లు మడతపెట్టి బల్లమీద ఉన్నాయి, పైదాని చేతి అంచున శనగగింజంత గుండీ ఒకటి కాస్త వదులుగా వేలాడుతోంది, లాగితే ఊడి వచ్చింది. ఊపిరి పీలిస్తే పైకి పోయింది. తరవాత ఆస్పత్రి, తెల్లటి పలకలు పరిచిన నేల, చెవిలో పెన్సిలు పెట్టుకున్న నర్సు, మొహంలోకి లైటు కొట్టే డాక్టరు. వీటన్నిటికంటే ముందు పిన్ని మొహం. ఆ మొహాన్ని ఆమె క్షమించలేదు. పిల్ల ముక్కు పట్టుకుని ఏడుస్తుంటే పిన్ని మొదట అడిగింది నొప్పిగా ఉందా అని కాదు. భుజాలు పట్టుకుని కుదిపి, ఏ గుండీ, ఏ కోటుది, ఏ చేతిది అని అడిగింది. డాక్టరు పట్టకారుతో బయటికి తీసి గిన్నెలో టింగుమని వేస్తే, పిల్లను దగ్గరికి తీసుకోవడానికి ముందు ఆ గుండీని తీసి చేతిరుమాలు మూలలో ముడి వేసుకుంది. ఆరేళ్లవయసులో మనసులో పడిన ఆ ముడి, పదహారేళ్లకు గట్టిపడి, ఇరవై రెండేళ్లకు ఒక దెబ్బలాటలో నోట్లోంచి ఊడిపడింది కూడా, నీకు నాకన్నా గుండీలే ఎక్కువ అని. పిన్ని అప్పుడు నోట్లో గుండుసూదులు లేకపోయినా ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి కాజాలు కుట్టుకుంది.

తలుపు కిర్రుమంది. ప్రెస్సు మేనేజరు తల ఒక్కటే లోపలికి పెట్టాడు, మిగతా మనిషి నడవలోనే ఉన్నాడు.

“అయిపోవచ్చిందామ్మా? కిందవాళ్లు అచ్చుప్లేటు చెయ్యడానికి చూస్తున్నారు.”

“పన్నెండన్నారు కదండీ. ఇంకా పదకొండున్నరే.”

“అంటే అన్నాను. ఏంటి, నిలబడి చదువుతున్నావు? అంత బాగుందా?”

“బాగుందండీ,” అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

తల వెనక్కి పోయింది. ఆమె కూర్చుంది, మళ్లీ లేచింది. ముప్పై నాలుగేళ్లుగా ఒక గూఢచారి శాఖ బుర్ర బద్దలు కొట్టుకున్న ప్రశ్నకు జవాబు ఈ గదిలో, నీలంరంగు స్వెట్టరు వేసుకుని, చేతిలో ఎర్రపెన్నుతో నిలబడి ఉంది. ఎవరు చెప్పారు, ఎలా తెలిసింది, ఎంతమంది కుట్ర, అయ్యా పెద్దమనిషీ, కుట్ర లేదు, తలకాయ లేదు, ఒక తింగరి పిల్ల ఇత్తడి వాసన చూడాలనుకుంది, అంతే. ఈ ముక్క ఎవరికైనా చెప్పకపోతే ఆగేలా లేదు. అంతలో ఇంకోటి తట్టింది. ఆస్పత్రి గోడమీద గడియారం. ఆమెకు అప్పుడప్పుడే గడియారం చూడటం వచ్చింది, వచ్చిన విద్య ఊరికే పోకూడదని కనిపించిన ప్రతి గడియారాన్నీ బిగ్గరగా చదివేది. గుండీ గిన్నెలో పడగానే ఏడుపు ఆపి ఒంటిగంటన్నర అని చదివింది, నర్సు నవ్వింది. ఒంటిగంటన్నర. రేవు ఊరికి అరగంటకో బస్సు, ప్రయాణం గంట. ఇంటికి వెళ్లి, గుండీ కుట్టి, కోట్లు తీసుకుని రెండున్నర బస్సు ఎక్కినా మూడున్నరకు చేరవచ్చు. మూడు గంటల బస్సు ఎక్కినా చాలు. టైపిస్టు ఆస్పత్రికి వచ్చింది కూడా, పిల్లను నేను చూసుకుంటాను, నీకు పనుంటే వెళ్లిరా అంది, ఆ మాట బాగా గుర్తు, వెళ్లిపోతుందేమోనని బెంగపడటమూ గుర్తు. పిన్ని వెళ్లలేదు. గుండీ వల్ల ఆగిపోలేదు పిన్ని. గుండీ చేతిలోనే ఉంది, టైమూ చేతిలోనే ఉంది, మనిషి మాత్రం కిటికీలో వెలుతురు మారేదాకా మంచం పక్కన స్టూలు మీద అలాగే కూర్చుంది. పుస్తకం రాసినాయనకు తెలియనిదీ, ఆస్పత్రికి వెళ్లిన పిల్లకు ఇంతకాలం తెలియనిదీ ఒకటే సంగతి. ఆమె మొహం కాలిపోతోంది, చెంపలు తడిసిపోతున్నాయి, అయినా కాళ్లు నేలమీద నిలవడం లేదు, ఎగిరి గంతేయాలని ఉంది.

ఆ సంతోషంలోనే ఎందుకో ఒక పేపరు గుర్తొచ్చింది, ఆ తరవాత రెండు మూడు రోజులకే కావచ్చు. పిన్ని పేపరు తెరిచి నిలబడి చదువుతూ చదువుతూ నేలమీద కూలబడింది. పిల్ల పక్కన చేరి కూడబలుక్కుని చదివింది, నా-టు-ప-డ-వ బో-ల్తా, ము-గ్గు-రు గ-ల్లం-తు. గల్లంతు అంటే ఏంటి పిన్నీ అంటే పిన్ని చెప్పలేదు. ప్రతి సోమవారం మిషను నూనె అమ్మడానికి వచ్చే మనిషి, చీటీలు తెచ్చింది అతనే కాబోలు, ఆ సోమవారం రాలేదు, ఇక ఎప్పుడూ రాలేదు. గురువారాలు ఆగిపోయాయి. పిన్ని మగవాళ్ల కోట్లు కుట్టడం మానేసింది, ఊళ్లో ఆమె కోటుకు ఎదురు లేదని పెద్దపెద్దవాళ్లు వచ్చి బతిమాలినా చూపు ఆనడం లేదని పంపేసి, బడిపిల్లల యూనిఫారాలకు దిగింది. ముప్పై ఆరేళ్ల మనిషికి చూపు ఆనకపోవడమేమిటి? ఇప్పుడు అర్థమైంది. కోట్లు అందక ఆ ముగ్గురూ నాటుపడవ ఎక్కారనుకుంది పిన్ని. తను ఒక పిల్ల మంచం పక్కన కూర్చోవడం వల్ల ముగ్గురు మునిగిపోయారనుకుంది. శాఖ సంబంధం తెంచుకుంది గానీ, బతికే ఉన్నాం అని ఒక్కరూ వచ్చి చెప్పలేదు. అటువాళ్ల మనిషికి ఎందుకు చెబుతారు? ఇన్నేళ్లూ పిన్ని ఆ లెక్కనే మోస్తోంది, దానితోనే పిల్లను చదివించింది, పెళ్లి చేసింది, నిన్న మోకాలినొప్పి గురించి మాట్లాడింది. ఆమె ఫోన్ అందుకుంది. నంబరు రెండుసార్లు తప్పు తిప్పింది, అచ్చుతప్పు పడనివ్వని వేళ్లు.

“పిన్నీ, పుస్తకంలోది ఒక ముక్క చదువుతాను, విను.”

“పొయ్యిమీద పాలున్నాయే. తొందరగా చదువు.” మాటల వెనక పిన్ని తొక్కే మిషను నడుస్తూనే ఉంది.

చదివింది. గొడుగు దగ్గర మొదలుపెట్టి, చీలిన గోరు మీదుగా, మూడు కోట్లు, నాలుగు గంటలు, రాలేదు. మిషను ఎక్కడ ఆగిందో ఆమె గమనించలేదు. ‘అటువాళ్ల మనిషి’ అనే ముక్కను దాటవేయబోయి, దాటవేయలేక అది కూడా చదివేసింది. అవతల పాలు పొంగిన చప్పుడు, స్టవ్ ఆపిన చప్పుడు, తిరిగి వచ్చిన అడుగులు.

“ఎవరు రాశారది?” అంది పిన్ని.

“ఆ ముగ్గురిలో ఒకాయన. రిటైరైపోయాడు.”

“ముగ్గురిలోనా?”

“ముగ్గురూ బతికే ఉన్నారు పిన్నీ. ఆ పేపర్లోవాళ్లు వేరే. వీళ్లు పడవే ఎక్కలేదు. నువ్వు కోట్లు పట్టుకెళ్లి ఉంటేనే దొరికిపోయేవాళ్లు.”

అవతల ఊపిరి వినిపిస్తోంది, బరువైనదేదో దింపి పక్కన పెట్టిన మనిషి ఊపిరిలా.

“ముప్పై నాలుగు ఛాతీ అతను కూడానా?” అంది పిన్ని. “నేనెవర్నీ చూడలేదే. కొలతల చీటీ ఒక్కటే వచ్చింది. ఒకరిది నలభై రెండు, ఒకరిది నలభై. మూడోవాడిది ముప్పై నాలుగు. ఛాతీ ఇంతే, చేతులు మాత్రం ఇంత పొడుగు. ఇంకా ఎదిగే వయసేమో అనుకున్నా. అంచు లోపల రెండంగుళాలు ఎక్కువ గుడ్డ వదిలిపెట్టాను, ముందు ముందు విప్పుకుంటాడని.”

ఆమె గబగబా పేజీలు తిప్పింది. రెండు వందల పంతొమ్మిదిలో దొరికాడు. “ఉన్నాడు పిన్నీ. అందరికన్నా చిన్నవాడు, ఇప్పుడు ఈత నేర్పిస్తాడట. ఏ కోటూ పట్టనంత లావయ్యాడని రాశాడు.”

పిన్ని నవ్విందో ఏడ్చిందో, రెండూ ఒకే దారిన బయటికి వచ్చాయి.

“పిన్నీ, రెండున్నరకి బస్సుంది కదా. టైపిస్టు ఆంటీ వెళ్లమంది కదా. ఎందుకు వెళ్లలేదు?”

“నా వేలు పట్టుకుని నిద్రపోయావు. లాగితే లేస్తావనిపించింది. మూడింటికీ అదే అనిపించింది. అవతల ముగ్గురు ఎదురుచూస్తున్నారని తెలుసు, తెలిసే కూర్చున్నా. ఇలాంటిది ఎవరికి చెప్పుకోను? నీకు చెబితే నీ నెత్తిన పడుతుంది.” ముక్కు చీదుకుని, “ఆయన ఫోను నంబరు మీ ఆఫీసులో ఉంటుందా?” అంది.

“ఉంది. ఏం చెబుతావు?”

“ఇవ్వు ముందు. కాగితం కనపడటం లేదు, ఉండు, సుద్దముక్కతో గుడ్డ మీద రాసుకుంటా.”

ఆమె ఒక్కో అంకే చదివింది, అవతల పిన్ని ఒక్కో అంకే తిరిగి చెప్పింది, ఇద్దరూ ఎక్కడా తప్పు పోలేదు. ఆఖరి అంకె చెప్పి ‘పిన్నీ’ అనేలోపే లైను కట్టయింది. పన్నెండుకు మేనేజరు ఈసారి మొత్తం మనిషిగా లోపలికి వచ్చాడు. ఈ పేజీలు ఇవాళ దిగవండీ, రచయిత రెండు వందల పద్నాలుగు నుంచి మళ్లీ రాయాలి అని ఆమె చెబితే, రచయిత ఒప్పుకున్నాడా అని అడిగాడు. అడుగుదామని ఆమె ఆయన ఎదుటే ఫోన్ తీసి రచయిత నంబరు తిప్పింది. ఎంగేజ్. పన్నెండుంబావుకు తిప్పింది, ఎంగేజ్. మేనేజరు విసుక్కుంటూ కిందికి వెళ్లి, భోజనం చేసి, పళ్లు కుట్టుకుంటూ తిరిగి వచ్చి ఏమైందన్నాడు. ఆమె రిసీవరు ఆయన చెవికి ఆనించింది. ఒంటిగంటకు కూడా ఎంగేజ్‌లోనే ఉంది.